మొదటి వరుసలో పెట్టి చూడు

మకో, 1966 నవంబరు 14

ప్రియమైన అక్కకు,

మూడేళ్ళ తర్వాత నా దస్తూరీ చూసి ఎవరో పోయారనుకుంటావు. ఎవరూ పోలేదు. మా ఆయన ఆంతల్ నడుము నొప్పి అలాగే ఉంది, నోరూ అలాగే ఉంది.

నీతో పనిపడింది. దాచడమెందుకు, పనిపడే రాస్తున్నాను. మా ఆసుపత్రిలో సహాయ నర్సులకు శిక్షణ ఇస్తారట. పెద్ద నర్సు మార్గిత్ నన్ను పిలిచి, "వెరోన్, పదిహేనేళ్ళ నుంచి వార్డులు తుడుస్తున్నావు. రోగులు మమ్మల్ని పిలవరు, నిన్నే పిలుస్తారు. ఆ బకెట్టు ఎప్పుడు దించుతావే?" అంది. అక్కడే బకెట్టు పట్టుకుని నిలబడి ఏడ్చేశాను.

దానికి ఎనిమిదో తరగతి పాసైన కాగితం కావాలి. జూలై ఒకటిన పేర్లు రాసుకుంటారు, ఆ రోజుకి నలభై నిండి ఉండకూడదు. నాకు ఆగస్టు తొమ్మిదికి నిండుతాయి. అంటే నాకు ఈ ఒక్క జూన్ పరీక్షే ఉంది. తప్పితే పింఛను దాకా బకెట్టే.

నేను చదివింది ఆరు. నువ్వు టీచరువై పట్నం బడికి వెళ్ళిపోయాక అమ్మ పక్కన కూర్చుని ఉల్లిపాయల దండలు అల్లడానికి ఒకరు ఉండాలి కదా. ఇప్పుడు పనిచేసే వాళ్ళ కోసం పెట్టిన సాయంత్రపు బడికి పోతున్నాను. చరిత్ర, భూగోళం బట్టీ పట్టేస్తాను. లెక్కల్లోనే చిక్కు. x ఒక వైపే ఉంటే ఎలాగో పట్టుకుంటున్నాను. రెండు వైపులా ఉంటే చాలు, ఇద్దరు అత్తల మధ్య కోడలిలా బిక్కచచ్చిపోతాను. ఇల్లంతటికీ లెక్కల టీచరువి నువ్వే. ఉత్తరాల్లో నేర్పుతావా?

ముద్దులతో,
నీ చెల్లెలు వెరోన్


పేచ్, 1966 నవంబరు 21

వెరోన్,

నీ ఉత్తరంలో పదకొండు అక్షర దోషాలున్నాయి. ఎర్ర పెన్సిలుతో దిద్ది వెనక్కి పంపుతున్నాను.

వార్డు తుడిచే చేతికి x ఎందుకో నాకు అర్థం కాలేదు. చదవక ముందు కాకరకాయ అన్నవాడు చదివాక కీకరకాయ అన్నాడట. "దాని తలకి ఆరు తరగతులే ఎక్కువ, బడి మాన్పించు" అని ఆనాడు అమ్మతో అన్నది నేనే. ఈనాటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. అయినా అడిగావు కాబట్టి నేర్పుతాను. నేను ఇరవై ఆరేళ్ళుగా రాళ్ళకు కూడా నేర్పుతున్నాను.

గళ్ల కాగితం మీద రాయి. మార్జిన్ వదులు. నా తరగతిలో ఐదుకి ఐదూ వస్తే నెత్తిన పెట్టుకుంటాను, ఒకటొచ్చి తప్పితే "కూర్చో, ఒకటి" అని తలెత్తి కూడా చూడను. జవాబు పెట్టి సరిచూడని లెక్కకు నా దగ్గర మార్కు లేదు.

సంతలో తక్కెడ చూశావుగా. ఎడమ పళ్ళెంలో సమానమైన మూటలు ఐదు, రెండు కిలోల రాయి. కుడి పళ్ళెంలో అలాంటి మూటలే మూడు, పది కిలోల రాయి. ముల్లు నిటారుగా ఉంది. రెండు వైపులనుంచీ మూడేసి మూటలు దించెయ్యి, ముల్లు కదలదు. ఎడమ రెండు మూటలూ రెండు కిలోలూ, కుడి పది కిలోలు. రెండు వైపులనుంచీ రెండేసి కిలోలు దించు. రెండు మూటలు ఎనిమిది కిలోలు. ఒక మూట నాలుగు. x అంటే ఆ మూట. ఇంతే సంగతి. దీనికి ఏడవాలా?

ఎతెల్క


మకో, 1967 జనవరి 10

ప్రియమైన అక్కకు,

దిద్దిన ఉత్తరం అందింది. ఆంతల్ చదివి, "ఈవిడ కరుణ చూపించినా వాతలు తేలతాయి" అన్నాడు. నేను నవ్వాను. నేర్పుతానన్నావు, నాకది చాలు.

తక్కెడ అంటే నాకు అర్థమైంది. ఒక వైపే x ఉన్నవి పన్నెండు చేసి పంపుతున్నాను, అన్నీ సరిచూశాను. రెండు వైపులా ఉన్నవాటికి ఇంకా ధైర్యం చాలడం లేదు. తక్కెడ లేకుండా కాగితం మీద ఎలా చెయ్యాలో ఒక్క ముక్కలో చెప్పు.

మొన్న శనివారం పందిని కోశాం. నూట అరవై కిలోలు తూగింది. సాసేజ్‌లో ఈసారి ఎర్ర కారం నేనే కలిపాను, అమ్మ పాళ్ళే. హామ్ పొగగదిలో వేలాడుతోంది. చుట్టాలందరికీ రుచి చూడటానికని ఎవరి పళ్ళెం వాళ్ళకి పంపేశాను, ఒక్కరినీ మరవలేదు. పందిని కోసిన ఇంటినుంచి పళ్ళెం రాలేదంటే చుట్టరికం తెగినట్టే అని అమ్మ అనేది కదా.

ముద్దులతో,
వెరోన్


పేచ్, 1967 ఫిబ్రవరి 2

వెరోన్,

మూడు వారాలు ఆగి జవాబు రాస్తున్నాను. ఎందుకాగానో నీకే తెలియాలి.

పన్నెండు లెక్కలూ చూశాను. పదకొండు ఒప్పు. తొమ్మిదో దాంట్లో ఏడును ఒకటిలా రాశావు.

ఒక్కరినీ మరవలేదని రాశావు. నీ జ్ఞాపకశక్తికి సంతోషం. మా వీధి చివర కసాయి కొట్టుంది. సాసేజ్ దొరుకుతుంది, మంచిదే. ఇంట్లో చేసినదానికి ఏమీ తీసిపోదు. నాకు ఇక్కడ ఏ లోటూ లేదని తెలుసుకో.

ఒక్క ముక్కలో చెప్పమన్నావు. x లన్నీ ఒక వైపుకి తెచ్చుకో, అంకెలన్నీ రెండో వైపుకి తెచ్చుకో. అంతే.

ఎతెల్క


మకో, 1967 ఫిబ్రవరి 26

ప్రియమైన అక్కకు,

కసాయి కొట్టు సంగతి చదివి రెండు రోజులు నోరు మూసుకున్నాను. ఆంతల్ మూసుకోలేదు. "మీ అక్క నాలుకకి పట్నం రుచులు పట్టాయే, మన కారం ఎక్కడ ఆనుతుంది?" అన్నాడు. పోనీలే. ఎవరి రుచి వాళ్ళది.

నువ్వు ఒక్క ముక్కలో చెప్పింది దివ్యంగా పనిచేసింది. తక్కెడ లెక్కలో నాకు మొదటినుంచీ ఒకటే బాధ. నిక్షేపంలాంటి మూటల్ని రెండు వైపులనుంచీ దించి ఎక్కడ పారేస్తాం? మా ఇంట్లో ఏదీ పారెయ్యం. ఇప్పుడర్థమైంది, పారెయ్యక్కర్లేదు, ఇటు తెచ్చి కలుపుకోవాలి. చూడు:

7x − 5 = 3x + 15
7x + 3x = 15 + 5
10x = 20
x = 2

సరిచూడటం: 10 × 2 = 20. సరిపోయింది!

ఐదు తగ్గింపు అటు వెళ్ళి కూడిక అయిందని మాస్టారు చెప్పారు, అది ఎరుగుదును. మూటలు మాత్రం మూటలే కదా. పరీక్షలో ఐదు లెక్కలిస్తే మూడు ఇలాంటివేనట. అక్కా, ఇది ఒప్పేనా? ఒప్పని నువ్వొక్క మాటంటే జూన్ దాకా ఇదే దారిలో కళ్ళు మూసుకుని పోతాను.

ఇంకో మాట. అమ్మ నీలం పువ్వుల పళ్ళెం లేక అల్మరాలో ఆ చోటు బోసిగా ఉంది. అదెక్కడుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. తొందరేం లేదు, నీకు తోచినప్పుడు పంపు.

ముద్దులతో,
వెరోన్


పేచ్, 1967 మార్చి 12

వెరోన్,

లెక్క చూశాను. ఒప్పు. ఐదు.

ఇదే దారిలో పో. ఇక నాకు లెక్కలు పంపనక్కర్లేదు.

పళ్ళెం గురించి రాసింది చదివాను, రెండుసార్లు చదివాను. దానికి జవాబు నీ లెక్క కాగితం మీదే ఉంది.

ఎతెల్క


మకో, 1967 ఏప్రిల్ 20

ప్రియమైన, బంగారంలాంటి అక్కకు,

ఐదు! నాకు, ఐదు! కాగితాన్ని వంటింట్లో పటం పక్కన అంటించాను. నెలరోజులుగా అలాంటి లెక్కలు వందకు పైగా చేశాను. ఒక్కటీ ఆగలేదు, అన్నీ చివర సరిపోతున్నాయి.

పళ్ళెం గురించి జవాబు కాగితం మీదుందన్నావు. వెనకా ముందూ తిప్పి చూశాను, ఐదు తప్ప ఏమీ లేదు. ఆ ఐదే జవాబైతే ఆ పళ్ళెం నీ దగ్గరే ఉంచేసుకో అక్కా. నాకు బేరం గిట్టింది!

కానీ ఒక చిక్కొచ్చింది. మా చిజ్మార్ మాస్టారు పోయిన వారం నా నోటుపుస్తకం చూసి, "వెరోన్ గారూ, ఇది తప్పండీ, అటునుంచి తెచ్చినప్పుడు మూడు x లు తగ్గాలి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు నీ కాగితం గోడమీంచి ఊడబీకి తీసుకెళ్ళి తరగతిలో అందరిముందూ పెట్టాను. "మా అక్క ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతోంది. ఇదుగో ఎర్ర పెన్సిలు. మీరు బడికొచ్చి మూడేళ్ళు!" అన్నాను. అందరూ నవ్వారు. పాపం, ఆయన మొహం ఎర్రబడింది. "మీ అక్కగారినే ఇంకోసారి చూడమని రాయండి" అని ఊరుకున్నాడు. అప్పటినుంచి నా పుస్తకం చూడటం మానేశాడు.

ఆ నవ్వు ఇంటికొచ్చాక నాకే బాగోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కానీ, నేను మా పెరటి చెట్టునే నమ్మాను. ఒక్క మాట రాయి అక్కా. ఆయన ఒప్పా, నువ్వు ఒప్పా? తప్పు నాదైతే ఇప్పుడు దిద్దుకోవడానికి ఇంకా ఏడు వారాలున్నాయి.

నీ
వెరోన్


పేచ్, 1967 మే 3 (కార్డు)

వెరోన్,

ఇరవై ఆరేళ్ళ ఎర్ర పెన్సిలా, మూడేళ్ళ కుర్ర మాస్టారా? ఎవరిని నమ్మాలో తెలియనంత చిన్నపిల్లవి కావు. నువ్వే తేల్చుకో.

ఎతెల్క


మకో, 1967 జూన్ 18

ప్రియమైన అక్కకు,

తప్పాను. ఒకటి వచ్చింది.

రాత పరీక్షలో ఆ మూడు లెక్కలూ పోయాయి. నోటి పరీక్షలో దక్కించుకోవచ్చన్నారు. ముగ్గురు కూర్చున్నారు, మధ్యలో బయటి ఊరినుంచి వచ్చిన పెద్దాయన. బల్లమీద 6x − 4 = 2x + 12 రాశాడు. నేను గబగబా చేసేశాను. 8x = 16, x = 2. ఎనిమిది రెళ్ళు పదహారు, సరిపోయింది అన్నాను.

"అమ్మా, చివరి వరుసలో కాదు, మొదటి వరుసలో పెట్టి చూడు" అన్నాడాయన. మంచిగానే అన్నాడు. పెట్టాను. ఎడమవైపు ఎనిమిది వచ్చింది, కుడివైపు పదహారు. తుడిచి మళ్ళీ చేశాను. మళ్ళీ ఎనిమిది, పదహారు. సుద్దముక్క చేతిలో విరిగిపోయింది.

"ఇలా చెయ్యమని ఎవరు చెప్పారమ్మా?"

"మా అక్కండీ. లెక్కల టీచరు. ఐదు కూడా ఇచ్చింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. చిజ్మార్ మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఆగస్టు చివర మళ్ళీ రాయొచ్చట, కానీ జూలై ఒకటి దాటిపోతుందిగా. నాకు రావలసిన చోటు పందొమ్మిదేళ్ళ పిల్లకి ఇస్తున్నారు. మార్గిత్ నన్ను కావలించుకుని, "బకెట్టు నేను మోస్తాలేవే ఇవాళ" అంది. నేనే మోశాను.

ఇంటికొచ్చి నీ కాగితం తీసి ఏడు x ల లెక్కను మొదటి వరుసలో పెట్టి చూశాను. ఎడమ తొమ్మిది, కుడి ఇరవై ఒకటి. నువ్వు బాధపడకు అక్కా. ఎన్ని పుస్తకాలు దిద్దుతావో, ఎంత అలసిపోయి ఉన్నావో. నీ కళ్ళద్దాలు మార్చుకోవలసి ఉందేమో, వెళ్ళి చూపించుకో. ఆంతల్ ఏదో అనబోతే, "మా అక్కనంటే ఊరుకోను" అని గిన్నె విసిరాను.

ఇవాళ అమ్మ మాట ఒకటి దాటుతున్నాను. "పెట్టినవాళ్ళు నోరెత్తకూడదు, తిన్నవాళ్ళు నోరు మూయకూడదు" అనేది కదా. జనవరిలో మా మరిది లోరింట్స్ లారీ మీ ఊరికి వస్తుంటే అతని చేతికిచ్చి, అమ్మ నీలం పువ్వుల పళ్ళెంలో నీకు అందరికంటే పెద్ద రుచి పంపాను. నువ్వు తలుపు తియ్యలేదట, కింది వాటా ఆవిడకిచ్చి వచ్చాడట. కారం ఎక్కువైందా, చెడిపోయిందా, నీకు నచ్చలేదా అని ఆరు నెలలుగా నలిగిపోతున్నాను. నచ్చకపోయినా ఫరవాలేదు. బాగాలేదని ఒక్క మాట చెప్పు.

నీ
వెరోన్


పేచ్, 1967 జూలై 5

వెరోన్,

ఈ ఉత్తరం పదిసార్లు మొదలుపెట్టాను.

నీ ఉత్తరం అందిన రోజే కిందికి దిగి ఆ వాటాలో ఉండే గొంబోష్ ఆవిడ తలుపు కొట్టాను. లోరింట్స్ వచ్చిన రోజు నేను పిల్లల్ని లెక్కల పోటీకి తీసుకెళ్ళాను. "నాలుగు రోజులదాకా రారనుకున్నానండీ, పాడైపోతుందని కొంచెం రుచి చూశాను, ఆ తర్వాత చెప్పడానికి సిగ్గేసింది" అంది. కొంచెమట. అల్మరాలో పప్పు డబ్బాల కింద ఉంది అమ్మ పళ్ళెం. ఆరు నెలలుగా నా కాళ్ళ కిందే ఉంది.

నా కళ్ళద్దాలు బాగానే ఉన్నాయి.

నీ లెక్క తప్పని చూసిన మరుక్షణమే తెలిసింది. ఎర్ర పెన్సిలు రెండో వరుస మీద పెట్టాను కూడా. అంతలో కింద పళ్ళెం గురించి రాసింది కనబడింది. ఊరందరికీ రుచి పంపి నన్నొక్కదాన్ని మరిచిపోయింది చాలక, అమ్మ పోయినప్పుడు నేను పళ్ళెం ఎత్తుకొచ్చానని దెప్పుతున్నావనుకున్నాను. పెన్సిలును కిందికి తెచ్చి ఐదు వేశాను. ఆ తర్వాత "నీ దగ్గరే ఉంచేసుకో" అని రాశావు. దొంగకు దానం చేస్తున్నావనుకున్నాను. అందుకే ఆ కార్డు. అడిగితే ఒక్క ముక్కతో తేలిపోయేది. అడగడం నాకెప్పుడూ చేతకాలేదు.

పళ్ళెం వచ్చి ఉంటే నేనిలా చేసేదాన్ని కాదు వెరోన్. అది నమ్ము. కోపంలో చేసిన పని, పళ్ళెం కోసం చేసిన పని. ఇప్పుడు పళ్ళెం దొరికింది.

ఆగస్టు పరీక్షకి నేను వచ్చి పక్కన కూర్చుని నేర్పుతాను. ఇక్కడి ఆసుపత్రుల్లో వయసు పట్టింపు లేనిది ఎక్కడైనా ఉందేమో కనుక్కుంటాను. పళ్ళెం జాగ్రత్తగా కట్టి పంపుతున్నాను. ఖాళీగా పంపకూడదు కాబట్టి గసగసాల రొట్టె పెట్టాను. నేనే చేశాను.

నన్ను క్షమించు. ఈ మాట రాయడానికి నాకు నలభై తొమ్మిదేళ్ళు పట్టింది.

నీ అక్క
ఎతెల్క


మకో, 1967 సెప్టెంబరు 3

అక్కకు,

పళ్ళెం పగలకుండా వచ్చింది. రొట్టె కోళ్ళకి వేశాను. వాటికి నచ్చింది.

నువ్వు రానక్కర్లేకపోయింది. చిజ్మార్ మాస్టారి ఇంటికి వెళ్ళి, ఆయన భార్య ముందు క్షమాపణ అడిగాను. ఆయన ఎర్రబడిపోయి, "ముందు కూర్చోండి, టీ తాగండి" అన్నాడు. జూలై అంతా కూర్చోబెట్టి నేర్పాడు. ఆగస్టు ముప్ఫైన పాసయ్యాను. నాలుగు. పాసైన కాగితాన్ని బీరువాలో పెట్టాను. దాంతో నాకు ఇక పనేమీ లేదు. నాకు నలభై నిండాయి. పొద్దున్నే మూడో వార్డు తుడిచి వచ్చాను. ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల తెల్ల టోపీ పెట్టుకుని, "వెరోన్ అత్తా, ఇక్కడ తడి ఆరలేదు" అంది. తప్పేం లేదు, ఆరలేదు.

మాస్టారు నాకు నేర్పింది ఒక్కటే. జవాబు సరిచూడాలంటే చివరి వరుసలో పెట్టకూడదు. చివరి వరుస మన చేత్తో మనం రాసుకున్నది, దాంట్లో మన జవాబు ఎలాగూ సరిపోతుంది. మొదటి వరుసలో పెట్టాలి.

పళ్ళెం కోసమే చేశానన్నావు. నీ జవాబు అది. చివరి ఉత్తరంలో పెట్టి చూశాను, చక్కగా సరిపోయింది. ఏడుపు కూడా వచ్చింది నాకు, ఆ రోజే క్షమించేదాన్ని.

తర్వాత నీ ఉత్తరాల కట్ట విప్పి మొదటిది తీశాను. నవంబరుది. అప్పటికి పందిని కొయ్యలేదు. పళ్ళెం మా అల్మరాలోనే ఉంది. "దాని తలకి ఆరు తరగతులే ఎక్కువ, బడి మాన్పించు" అని అమ్మతో అన్నది నేనే అని రాశావు. ఇరవై ఏడేళ్ళు నేను ఆ మాట అమ్మది అనుకున్నాను అక్కా. అమ్మ చచ్చిపోతున్నప్పుడు కూడా ఆ ఒక్క మాటకి ఆమెను లోపల తిట్టుకుంటూనే మూతి తుడిచాను. నువ్వు ఏదో హాస్యానికి రాసినట్టు రాస్తే, నేర్పుతానన్నావన్న సంబరంలో నేను దాన్ని దాటేసి చదివాను.

ఎడమవైపు నీ పళ్ళెం, కుడివైపు నా బడి. సరిపోలేదు. రెండుసార్లు తుడిచి చేశాను.

నీ జూలై ఉత్తరం దీంతో వెనక్కి పంపుతున్నాను. అక్షర దోషాలు ఒక్కటీ లేవు. ఎర్ర పెన్సిలు కొన్నాను, మార్జిన్‌లో మార్కు వేశాను, చూసుకో. కూర్చో అక్కా. ఒకటి.

డిసెంబరులో పందిని కోస్తాం. పళ్ళెం రాలేదని కింది వాటా ఆవిడను అడగకు. ఈసారి అది మా అల్మరాలోంచి కదలదు.

వెరోన్